పుల్లన, ఉప్పన, పచ్చన

షాపు మేడ మీది గది,
మంగళవారం, గిన్నెలు కడిగాక

వదినగారికి,

నమస్కారాలు. ఉత్తరం చూసి కంగారు పడకండి, ఎవరికీ ఏమీ కాలేదు. ఫోన్ చేద్దామంటే షాపు ఫోను గల్లా పక్కన ఉంటుంది. అక్కడ నేను "హలో" అంటే భోజనానికి వచ్చినవాళ్ళంతా చెంచాలు ఆపి వింటారు. మీ తమ్ముడి ఫోను సామాన్ల కోసం ఆయనతోపాటు బండి మీద తిరుగుతూ ఉంటుంది. అందుకే రాస్తున్నాను. నేను చదివింది ఐదో తరగతి వరకే కదా, తప్పులుంటే సర్దుకోండి.

పెళ్ళయిన కొత్తలో మేమిద్దరం మీ ఊరు వచ్చినప్పుడు మీ గదిలో ఒక్క పొయ్యి మీద పాస్తా చేసి పెట్టారు. మీ హోటల్లో వంట చేసే గ్రీకు పెద్దాయన దగ్గర నేర్చుకున్నానన్నారు. పాలకూర ఉంది, టమాటా ఉంది, నల్లగా ఉప్పగా ఏవో కాయలున్నాయి, పైన తెల్లగా నలిపి చల్లింది ఉంది. నేను సిగ్గుపడి ఇంకాస్త అడగలేదు. ఆ అడగనిది ఇప్పటికీ నాలుక మీదే ఉంది.

ఇప్పుడెందుకు గుర్తొచ్చిందంటే, మన షాపుకి శనివారం గిరాకీ పడిపోయింది. ఎదుటి సందులో కొత్త ఆఫీసు వచ్చింది కదా, ఆ కుర్రవాళ్ళు మన గుమ్మం ముందునుంచే నడిచి ఇంకెక్కడికో పోతున్నారు. నిన్న అత్తయ్యగారు గరిటె బల్ల మీద పెట్టి, "కొత్తగా ఏదైనా చెయ్యగలిగినవాళ్ళు ఎవరైనా ఉంటే శనివారం పొయ్యి వాళ్ళది. నేను వేలు పెట్టను" అన్నారు. మీ తమ్ముడు ఇంటికప్పు చూశారు. నేను పప్పుల డబ్బా చూశాను.

వదినగారూ, నేను ఈ ఇంటికి వచ్చి మూడేళ్ళు కావస్తోంది. ఉల్లిపాయలు ఒలుస్తాను, గిన్నెలు కడుగుతాను, రాత్రి షాపు మూసేముందు మర్నాటి సరుకు నానబెడతాను. పొయ్యి ముందు మాత్రం ఒక్కసారీ నిలబడలేదు. ఎవరూ వద్దనలేదు, నేనే అడగలేదు. ఇప్పుడు అడగాలని ఉంది. ఆ పాస్తా ఎలా చెయ్యాలో రాసి పంపుతారా? ఇంకెవరికీ చెప్పలేదు.

మీ మరదలు

* * *

హోటల్ వెనక మెట్లు,
ప్లేట్లు ఆరుతున్న వేళ

మరదలు పిల్లా,

ముందు ఆ "గారు" తీసి అవతల పెట్టు. నువ్వు "మీరు, మీరు" అంటుంటే నా వెనకెవరో పెద్దమనిషి నిలబడ్డాడేమోనని తిరిగి చూస్తున్నాను.

నీ ఉత్తరం జేబులో పెట్టుకుని పొద్దుటినుంచి తిరుగుతున్నాను. మా తమ్ముడు కట్టుకున్న పిచ్చుకకి పొయ్యి మీద కన్ను పడిందా? చూస్తూ ఊరుకుంటానా?

విను. పాస్తా పొట్టిగా, గొట్టంలా ఉండేది తీసుకో. పెద్ద గిన్నెలో నీళ్ళు తెర్లించి ఉప్పు వేసి ఉడికించు. కొరికితే మధ్యలో ఇంకాస్త పంటికి తగలాలి, అప్పుడే వార్చెయ్యి. వార్చిన నీళ్ళు ఒక గిన్నెడు దాచు, పారబోశావో నిన్ను నేను పారబోస్తాను. వేరే మూకుడులో ఆలివ్ నూనె, సన్నటి సెగ, చితక్కొట్టిన వెల్లుల్లి. వెల్లుల్లి ఎర్రబడకముందే టమాటాలు. అవి మెత్తబడ్డాక నల్ల ఆలివ్‌లు (నీ ఉప్పటి కాయలు అవే, గింజ తీసి వెయ్యి), ఆ పైన పాలకూర. పాలకూర రెండు నిమిషాల్లో మెత్తబడి అడుక్కి దిగిపోతుంది, అంతకన్నా ఉంచకు. పాస్తా కలుపు, దాచిన నీళ్ళు కొంచెం పొయ్యి, గరిటె ఆపకుండా తిప్పు. దించాక నిమ్మరసం, నిమ్మతొక్క తురుము, ఒరెగానో. ఒరెగానో అంటే ఎండిన ఆకు, ఈ కవర్లోనే పెట్టాను, వాసన చూడు, తుమ్ము వస్తే అదే. చివర తెల్లటిది, ఫెటా అంటారు, చేత్తో నలిపి చల్లాలి. అక్కడ దొరక్కపోతే రాయి, ఇంట్లో చేసే పద్ధతి చెబుతాను.

ఒక్క మాట. ఉప్పు దగ్గర చెయ్యి బిగబట్టు. ఆలివ్‌లో ఉప్పుంది, ఫెటాలో ఉప్పుంది, నీళ్ళలో ఉప్పుంది. నువ్వు కూడా వేస్తే సముద్రమే.

ఫోన్ మాత్రం చెయ్యకు. ఈ వంటింటి మోతలో ఏమీ వినపడదు. అమ్మకి కూడా అదే చెప్పు.

మీ వదిన

* * *

షాపు మేడ మీది గది,
ఆదివారం, తలుపు గడియ పెట్టుకుని

వదినా,

"గారు" తీసేశాను. "మీరు" ఇంకా పోవడంలేదు, మెల్లగా పోతుంది.

నా కొంప మునిగింది. జరిగింది జరిగినట్టు రాస్తాను, నవ్వకండి.

మీ తమ్ముడు పాస్తా తెచ్చారు, ఆలివ్ సీసా కూడా తెచ్చారు. "ఎవరికి?" అని అత్తయ్యగారు అడిగితే, "నీ కోడలికి" అనేసి బండెక్కి పారిపోయారు. అత్తయ్యగారు నా వంక చూశారు. నేను తల ఊపాను. ఆవిడ, "సరే, రేపు మధ్యాహ్నం ముందు మనకి వండు, చూద్దాం" అన్నారు. నాకు ఒళ్ళంతా తేలిపోయినట్టు అయింది.

మన షాపు అలవాటు మీకు తెలుసు కదా. ఎండినది, గట్టిది ఏదైనా సరే రాత్రి నీళ్ళలో పడాలి. సెనగలు, బీన్స్, బఠానీ, అన్నీ. అది నా పని. ఇన్నాళ్ళలో ఒక్క రాత్రీ మరవలేదు. పాస్తా చేత్తో పట్టుకుంటే ఎండి గట్టిగా ఉంది. మీరు నానబెట్టమని రాయలేదు. ఇంత మామూలు సంగతి ప్రత్యేకంగా రాయాలా అని వదిలేశారనుకున్నాను. నిండుగా నీళ్ళు పోసి మూత పెట్టి, దణ్ణం పెట్టుకుని పడుకున్నాను.

పొద్దున్న మూత తీస్తే గొట్టాలు లేవు వదినా. తెల్లటి ముద్ద. గరిటె నిలబెడితే నిలబడింది. నీళ్ళు మార్చి కడిగాను, ఇంకా ముద్దయింది. డబ్బాల వెనక దాస్తుంటే అత్తయ్యగారు వచ్చారు. గిన్నెలోకి తొంగి చూశారు. వేలుతో ఒకసారి తాకి, ఆ వేలు బొటనవేలికి అంటుకుంటే విడదీసుకుని, "అమ్మాయ్, ఇది తినడానికా, గోడకి కాగితాలు అంటించడానికా?" అన్నారు.

మీ తమ్ముడు ఊరుకోవచ్చు కదా. నిజంగానే ఆ ముద్ద తీసుకుని, ఎప్పటినుంచో ఊడి వేలాడుతున్న వంటకాల పట్టీని గుమ్మం పక్కన అంటించారు. ఇప్పుడది గోరుతో గీకినా రావడం లేదు. వచ్చినవాళ్ళందరికీ "మా ఆవిడ మొదటి వంట, గట్టి వంట" అని చూపిస్తున్నారు.

నాకు ఏడుపు రావాలి. ఎందుకో రాలేదు. అత్తయ్యగారు వెళ్తూ వెళ్తూ, "ఇంకో ప్యాకెట్టు ఉందిగా" అన్నారు. అంటే ఇంకో అవకాశం ఉందనేగా?

ఫెటా ఇక్కడ దొరకలేదు.

మరదలు

* * *

హోటల్ వెనక మెట్లు,
వానలు మొదలైన వారం

ఓ నానబెట్టే తల్లీ,

నవ్వొద్దన్నావు, సరే, శబ్దం లేకుండానే నవ్వాను. భుజాలు ఊగి ఊగి చేతిలో సాసు గిన్నె ఒలికింది. పక్కనున్నవాళ్ళు నాకేదో అయిందనుకుని నీళ్ళు తెచ్చారు. మా గ్రీకు పెద్దాయనకి ఉత్తరంలో సంగతి కాగితం మీద బొమ్మ గీసి చూపించాను, గిన్నె, గొట్టాలు, నీళ్ళు, చందమామ. ఆయన టోపీ తీసి గుండెకి హత్తుకున్నాడు, ఎవరో పోయినట్టు.

తప్పు నాదే. మన షాపులో పుట్టి పెరిగినదాన్ని, ఆ మాట రాయడం మరిచాను. పాస్తాకి నానబోత లేదు. తెర్లే నీళ్ళలో పడాలి, తొందరగా బయటపడాలి.

ఇక ఫెటా. అచ్చంగా అది రాదు, దానికి గొర్రెపాలు కావాలి. దాని చెల్లెలు వస్తుంది. చిక్కటి పాలు కాచి, దించి, నిమ్మరసం పిండి విరగ్గొట్టు. గుడ్డలో వడకట్టి, గట్టిగా మూట కట్టి, పైన బరువు పెట్టు. గట్టిపడ్డాక ముక్కలు కోసి ఉప్పునీళ్ళలో వెయ్యి. రెండు రోజులు దాన్ని మరిచిపో. ఇక్కడ నీ నానబెట్టే చెయ్యి పనికొస్తుంది చూడు, ఎంత నానితే అంత రుచి. తీసి నలిపితే ఇసకలా రాలాలి.

అమ్మ "ఇంకో ప్యాకెట్టు ఉందిగా" అందా? మా అమ్మ నాతో ఎప్పుడూ అలా అనలేదు. మాడిస్తే మాడిన గిన్నె నా చేతే తోమించేది. నువ్వు ఏం మందు పెట్టావో చెప్పు.

వదిన

* * *

షాపు మేడ మీది గది,
గురువారం, వాన పడుతూ ఉంది

వదినా, వదినా,

చేతికి నిమ్మకాయ వాసన ఇంకా పోలేదు, ఈ కాగితానికీ అంటుకునే ఉంటుంది, చూడు.

చూశావా, "మీరు" పోయింది.

ఇవాళ మధ్యాహ్నం షాపు ఖాళీ అయ్యాక పొయ్యి ముందు నిలబడ్డాను. అత్తయ్యగారు కుర్చీ వేసుకుని నా వెనక కూర్చున్నారు. నా వీపంతా చెమట పట్టింది. గొట్టం తీసి కొరికాను, మధ్యలో పంటికి తగిలింది, వార్చాను. నీళ్ళు దాచాను. పాలకూర గంపెడు వేశాను, చూస్తుండగానే అడుక్కి దిగిపోయింది. అత్తయ్యగారు "ఆకేదీ?" అన్నారు. "ఉందండీ, దిగింది" అన్నాను. దాచిన నీళ్ళు పోసి తిప్పుతుంటే అంతా ఒకదానికొకటి పట్టుకుని నిగనిగలాడింది. దించి నిమ్మతొక్క తురిమాను. ఒరెగానో అరచేతిలో నలిపి వేస్తుంటే మీ తమ్ముడు తుమ్మారు, అదేనని తేలిపోయింది. చివర తెల్లటిది చల్లాను. రాలింది వదినా, ఇసకలాగే రాలింది.

అత్తయ్యగారు మొదటి ముద్ద నములుతూ కిటికీలోంచి బయటికి చూశారు. రెండో ముద్ద కూడా అలాగే. ప్లేటు ఖాళీ చేసి, మూకుడు తన దగ్గరికి జరుపుకుని మళ్ళీ వడ్డించుకున్నారు. మీ తమ్ముడు నన్ను మోచేత్తో పొడిచారు. నేను ఎక్కడ చూడాలో తెలియక పప్పుల డబ్బా చూశాను.

"ఉప్పు కుదిరింది" అన్నారు ఆవిడ. అంతే. నాకు కాళ్ళు నేల మీద నిలవలేదు.

అంతలో నా నెత్తిన పిడుగు పడింది. "ఎల్లుండి కాదు, పై శనివారం నుంచి పెడదాం. మరి పిలుపు ఎప్పుడు నేర్చుకుంటావు?" అన్నారు.

షాపు రివాజు నేను మరిచిపోలేదు, గుర్తు రాకుండా తోసేస్తూ వచ్చాను. వండినవాళ్ళు మధ్యాహ్నం గుమ్మంలో నిలబడి, వంటలో ఏముందో వీధికి వినపడేలా పిలవాలి. ఎదురుగా గడియారాలు బాగుచేసే తాత తలెత్తి స్క్రూడ్రైవర్ పైకెత్తితే వినపడినట్టు. వండినవాళ్ళు పిలవకపోతే, ఎవరు పిలిస్తే వాళ్ళదే ఆ వంట. అత్తయ్యగారు మెత్తగానే చెప్పారు, "నీకు నోరు రాకపోతే నేను పిలుస్తాను. కానీ అప్పుడది నా వంట. శనివారం నా పొయ్యి. ఇది మా అత్తగారు పెట్టిన పద్ధతి, నీ కోసం మార్చను, నా కోసమూ మార్చలేదు."

వదినా, నాకు ఒక మనిషితో మాట్లాడాలంటేనే మాట లోపలే ఉండిపోతుంది. మొత్తం వీధితోనా? మేడ మీద గదిలో దుప్పటి కప్పుకుని ప్రయత్నించాను. మీ తమ్ముడు పక్క గదిలోంచి "పిల్లి వచ్చినట్టుంది" అన్నారు.

నువ్వు పిలిస్తే చివరి బస్‌స్టాపు దాకా వినపడేదని ఇప్పటికీ చెప్పుకుంటారు. తాత అయితే, "పెద్దమ్మాయి పిలుపుకి నా గడియారాలు సరిచేసుకునేవాణ్ణి" అంటాడు. ఒక్క శనివారం వచ్చిపోవా? నువ్వు పిలిస్తే వంట నీదవుతుంది, నాకు పరవాలేదు. నీది నాదేగా. నీ వెనక నిలబడి చూసి నేర్చుకుంటాను. మొదటిసారి గుమ్మంలో ఒంటరిగా నిలబడటం నా వల్ల కాదు.

రా వదినా.

మరదలు

* * *

నా గది,
సోమవారం, సెలవు పెట్టి

పిచ్చుకా,

నువ్వు అంతలా రమ్మంటే రానిదాన్నా? రాలేను. ఎందుకో చెబుతాను. అమ్మకి చెప్పనని నీ మనసులో మాట ఇచ్చి తర్వాత చదువు.

నాకు గొంతు లేదు.

కంగారు పడకు, ప్రాణం మీదికి వచ్చిందేమీ కాదు. గొంతులో చిన్న బుడిపెలు లేచాయి. పొగలో, మోతలో, ఇన్నేళ్ళు అరిచి అరిచి వచ్చాయట. కోసి తీసేశారు. ఆ తర్వాత నోరు మెదపొద్దన్నారు, గుసగుస కూడా వద్దు, అది ఇంకా చెరుపట. వచ్చే నెల డాక్టరమ్మ చూసి "ఇప్పుడు మాట్లాడు" అంటుంది. అప్పుడు ఏం వస్తుందో, అసలు వస్తుందో రాదో ఆవిడకీ తెలియదు. నీ మొదటి ఉత్తరం వచ్చిననాటికి నేను మౌనంలో పడి పదిరోజులు.

ఫోన్ ఎందుకు వద్దన్నానో ఇప్పుడు తెలిసిందా? అమ్మకి చెబితే గరిటె అక్కడ పారేసి బస్సెక్కుతుంది. షాపు నా పిలుపు మీద నిలబడిందని అమ్మ పదిమందిలో చెప్పుకునేది. ఆ పిలుపు ఇక లేకపోవచ్చు అని ఆవిడ మొహం మీద చెప్పడానికి కావలసింది గొంతు కాదు, గుండె. ఆ ధైర్యం ఇంకా రాలేదు.

సరే, నా గోల చాలు. నీ శనివారం సంగతి చూద్దాం.

గొంతు లేకుండా వంటిల్లు ఎలా నడుపుతున్నానో తెలుసా? గరిటెతో గిన్నె మూత మీద కొడతాను. ఒకటి కొడితే నా వైపు చూడాలి. రెండు కొడితే ప్లేట్లు కదలాలి. మూడు కొడితే ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోవాలి. మూడు కొట్టాక మా వంటిల్లు ఎంత నిశ్శబ్దమవుతుందంటే, నూనెలో వెల్లుల్లి చిటపట వినపడుతుంది. అంత చిన్న చప్పుడు. రోజంతా అది అక్కడే ఉంది, మేం అరుస్తున్నాం కాబట్టి ఇన్నేళ్ళూ వినలేదు.

నేను పిలిచేటప్పుడు వీధి కన్నా పెద్దగా అరిచేదాన్ని. అందుకే ఇలా అయ్యాను. నువ్వు అరవకు. ముందు వీధిని ఆపు, తర్వాత నీ గొంతు ఎంత ఉంటే అంతతో పిలువు.

పెద్ద ఇత్తడి మూత తీసుకో, అంచు మీద కాదు, నడిమధ్య కొట్టు. మూడో దెబ్బ తర్వాత ఊపిరి తీసుకో. పిలుపులో ఎక్కువ మాటలు పెట్టకు, నోటికి రుచి తగిలే మాటలు పెట్టు.

నీ వంట నాకొద్దు. నీదే.

వదిన

* * *

షాపు మేడ మీది గది,
శనివారం సాయంత్రం, కాళ్ళు లాగుతున్నా

వదినా,

నీ ఉత్తరం చదివి ముందు చాలాసేపు ఏడ్చాను. తర్వాత మొహం కడుక్కుని ఇత్తడి మూత తోమాను.

ఎవరికీ చెప్పలేదు. మీ తమ్ముడికి కూడా చెప్పలేదు. ఆయన "కళ్ళెందుకు ఎర్రగా ఉన్నాయి" అంటే "ఉల్లిపాయలు" అన్నాను. ఆ రోజు ఉల్లిపాయలు కొయ్యలేదని ఆయనకీ తెలుసు.

ఇవాళ పొద్దున్న మీ తమ్ముడు పట్టీలో కొత్త వంట పేరు రాయడానికి పాత కాగితం ఊడదీయబోతే రాలేదు. దాని మీదే ఇంకో కాగితం పెట్టారు. అది దేంతో అంటించారో చెప్పక్కర్లేదుగా, ఈసారి కావాలనే గుప్పెడు నానబెట్టారట.

మధ్యాహ్నం అయింది. మూకుడు నిండా పాస్తా, పైన తెల్లగా, పక్కన ఎర్రగా, మధ్యలో పచ్చగా. అత్తయ్యగారు కొంగు నడుముకి చుట్టి నా పక్కకి వచ్చి, "పిలుస్తావా, పిలవనా?" అన్నారు. నేను మూత తీసుకుని గుమ్మంలోకి వెళ్ళాను.

వీధి ఎప్పటిలాగే ఉంది. బండ్లు, హారన్లు, ఆఫీసు కుర్రవాళ్ళు ఫోన్లు చూసుకుంటూ పోతున్నారు. తాత కంటికి అద్దం పెట్టుకుని గడియారంలోకి వంగి ఉన్నాడు. వెనక్కి తిరిగి పోదామనుకున్నాను. అప్పుడు నువ్వు గుర్తొచ్చావు, మెట్ల మీద కూర్చుని భుజాలు ఊపుతూ శబ్దం లేకుండా నవ్వుతూ.

కొట్టాను. ఒకటి. సైకిలు మీద పోయేవాడు తల తిప్పాడు. రెండు. ఆఫీసు కుర్రవాళ్ళు ఆగారు. మూడో దెబ్బ నడిమధ్య పడింది వదినా, ఇత్తడి గంటలా మోగింది. వీధి మొత్తం, ఎవరికి ఏమైందో అన్నట్టు, నా వైపు తిరిగి ఆగిపోయింది. బస్సు డ్రైవరు కూడా ఇంజను ఆపాడు.

ఊపిరి తీసుకున్నాను.

"పుల్లన, ఉప్పన, పచ్చన. నిమ్మ, ఆలివ్, పాలకూర. గ్రీకు పాస్తా, వేడిగా ఉంది, రండి."

అరవలేదు. నీతో మాట్లాడినట్టే అన్నాను. నా గొంతు ఎదుటి గోడ దాకా వెళ్ళడం నేను విన్నాను. ఇన్నేళ్ళలో మొదటిసారి అంత దూరం వెళ్ళింది.

తాత అద్దం తీసి, నన్ను చూసి, స్క్రూడ్రైవర్ పైకెత్తాడు. అంతటితో ఆగక లేచి వచ్చి మొదటి ప్లేటు ఆయనే తీసుకున్నాడు. ఆయన వెనక ఆఫీసు కుర్రవాళ్ళు వచ్చారు. ఒకడు "అక్కా, ఇది రేపుంటుందా?" అని అడిగితే, "శనివారమే" అన్నాను, తల దించకుండా. మూకుడు అడుగు కనపడేసరికి మాకు మిగల్లేదు. మీ తమ్ముడు రొట్టెతో మూకుడు తుడుచుకుని తిన్నారు.

ఇప్పుడు అసలు సంగతి. గుమ్మం ఖాళీ అయ్యాక అత్తయ్యగారు మూత చేతిలోకి తీసుకుని తిప్పి తిప్పి చూశారు. "మూడు దెబ్బలు ఎవరు నేర్పారు?" అన్నారు. నేను పప్పుల డబ్బా చూశాను. "వదిన" అంటే నీ గుట్టు బయటపడుతుంది, ఇంకెవరి పేరైనా చెబితే అబద్ధం. ఊరుకున్నాను.

ఆవిడ కూర్చుండిపోయారు. "నీకు ఉత్తరాలు రాసేది నా కూతురొక్కతే. అది నోరున్నంతకాలం మూత ముట్టలేదు" అన్నారు. ఇంకేమీ అడగలేదు. నేను చెప్పలేదు వదినా, నిజంగా చెప్పలేదు.

ఇప్పుడు కింద ఆవిడ సంచీ సర్దుకుంటున్నారు. "సోమవారం దాకా షాపు చూసుకుంటావా?" అని అడిగారు. చూసుకుంటానన్నాను, గట్టిగానే అన్నాను. నా చేత మళ్ళీ పాస్తా చేయించి డబ్బాలో పెట్టించుకున్నారు. ఎవరికని నేను అడగలేదు. ఈ ఉత్తరం కన్నా ముందు ఆవిడే వస్తారు.

నీ మరదలు

* * *

నా గది,
డాక్టరమ్మ చూసిన రోజు

శనివారం పొయ్యి యజమానురాలికి,

ఉత్తరం కన్నా అమ్మే ముందొచ్చింది. తలుపు తీశాను. నేను నోటి మీద వేలు పెట్టుకున్నాను. "తెలుసు, పక్కకి జరుగు" అని లోపలికొచ్చి డబ్బా తెరిచింది. చల్లారిపోయినా రుచి చెడలేదు. తెల్లటిది నాకన్నా బాగా చేశావు, మా పెద్దాయన కూడా ఒక ముక్క తిని మళ్ళీ టోపీ తీశాడు, ఈసారి సంతోషంతో.

వచ్చింది రెండు రోజులకని. ఇవాళ్టిదాకా కదల్లేదు. పొద్దున్నే లేచి నా గిన్నెలు తోముతుంది. గొంతు గురించి ఒక్క మాట అడగదు. అక్కడ షాపు ఎలా ఉందని కూడా అడగదు. నేను కాగితం మీద "షాపు?" అని రాసి చూపిస్తే, "నా కోడలుంది" అంది. ఇది నీకు రాయమని చెప్పలేదు, నేనే రాస్తున్నాను.

ఇవాళ ఇద్దరం డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాం. ఆవిడ దీపం వేసి గొంతులోకి చూసి, "సరే, ఏదైనా ఒక మాట అనండి, మెల్లగా" అంది. ఇన్నాళ్ళు దాచుకున్న మాట, దేనికి ఖర్చు పెట్టాలో తోచలేదు. అమ్మ కుర్చీ అంచున కూర్చుని సంచీ గట్టిగా పట్టుకుని నన్నే చూస్తోంది.

నేను డాక్టరమ్మ బల్ల మీద వేలితో మూడుసార్లు కొట్టాను. తర్వాత నీ పిలుపు పిలిచాను.

"పుల్లన, ఉప్పన, పచ్చన."

వచ్చింది పిల్లా. బొంగురుగా, చిరుగులతో, కప్పకి జలుబు చేసినట్టు. పాత గొంతు కాదు, అది రాదట. కానీ నాదే, వచ్చింది.

డాక్టరమ్మ చప్పట్లు కొట్టింది. అమ్మ కొంగుతో మొహమంతా ఒకసారి తుడుచుకుని, చిన్నప్పుడు గుమ్మంలో నాకు పిలుపు నేర్పేటప్పుడు అన్నట్టే అంది:

"తాతకి వినపడలేదు. మళ్ళీ."

వదిన